పద్నాలుగో నంబరు చెక్క

మా శాఖలో ఎవరూ సంతోషంగా లేరన్న సంగతి పైవాళ్లకి ఎలా తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టదు. మేమెవరమూ చెప్పలేదు. చెప్పినా అది పైదాకా చేరడానికి మూడేళ్లకి తక్కువ పట్టదు. అయినా జనవరి మొదటివారంలో సర్క్యులర్ వచ్చేసింది.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఉద్యోగులలో ఆనందము ఆశించిన స్థాయిలో నమోదు కానందున, ఇకమీదట ప్రతి ఉద్యోగియు కార్యాలయ వేళలు కాని సమయమందు ఒక అభిరుచిని కలిగియుండవలెను. సదరు అభిరుచిని నిర్ణీత నమూనాలో పది దినములలోగా నమోదు చేసుకొని, ప్రతి మాసాంతమునను పురోగతి నివేదికను ఫొటోలతో సహా సమర్పించవలెను. అభిరుచి లేనివారిపై నిబంధనల మేరకు చర్యలు తీసుకొనబడును."

నేను కాకినాడలో ఆ శాఖవారి ప్రాంతీయ కార్యాలయంలో సూపరింటెండెంటుని. పేరు భీమశంకరం. సిబ్బంది సెలవులు, బదిలీలు, వాళ్ల కష్టసుఖాలు నా సెక్షన్‌లోకే వస్తాయి. రావడం వరకూ నాకు తెలుసు. శాఖ పేరు మాత్రం చెప్పను. చెప్పినా అలాంటి శాఖ ఒకటుందని మీరు నమ్మరు.

ఆఫీసులో సగం మంది పుస్తక పఠనం అని రాశారు. ఏ పుస్తకం, ఎన్ని పేజీలు, చదివినట్టు సాక్షి ఎవరు అని ఎదురు ప్రశ్నలొచ్చాయి. మొక్కల పెంపకం అని రాసినవాళ్లని నెలకి ఎన్ని అంగుళాలు పెంచుతారో లక్ష్యం చెప్పమన్నారు. నేను అందరికంటే ఒక మెట్టు పైన ఉండాలనుకున్నాను. నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. నాకు చెవులున్నాయని నా నమ్మకం. అందరికీ ఉంటాయి గానీ నావి వేరు. పెళ్లిపందిట్లో భోజనానికి కూర్చుంటే అందరూ గుత్తివంకాయ కూర గురించి మాట్లాడుకుంటారు, నేను సన్నాయివాళ్ల మైకులో గరగర ఎందుకొస్తోందో పక్కవాడికి వివరిస్తాను. పక్కవాడు మజ్జిగ దాకా ఉండకుండా లేచిపోతాడు.

"కుక్కర్ నాలుగు కూతలు కూసినా వినపడదు గానీ, పెద్ద చెవులు" అంటుంది నా భార్య హైమ. అది కూడా నేను రెండోసారి అడిగితేనే చెబుతుంది, మొదటిసారి నాకు వినపడదు కాబట్టి.

అందుకని అభిరుచి గడిలో నేను ఇలా రాశాను: "కిట్టు తెప్పించుకొని ఇంటి వద్ద ఫుల్‌రేంజ్ హార్న్ లౌడ్‌స్పీకర్ల జత నిర్మించుట." అప్పటికి నేను చేత్తో నిర్మించింది మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం ఒక అట్టపెట్టె ఇల్లు. దానికి తలుపు పెట్టడం మర్చిపోయాను.

ఆ వస్తువేమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మామూలు స్పీకరు డబ్బాలో సన్నని శబ్దానికి ఒకటి, గంభీరమైన శబ్దానికి, అంటే బేస్‌కి, ఒకటి, వేరు వేరు కాగితపు గిన్నెలుంటాయి. ఇందులో అన్నిటికీ కలిపి అరచేయంత గిన్నె ఒక్కటే. దాని వెనక, మనిషి ఛాతీ ఎత్తు చెక్క డబ్బాలో, సన్నగా మొదలై మలుపులు తిరుగుతూ వెడల్పవుతూ పోయే దారి ఉంటుంది. దాని చివర నోరు. నాదస్వరాన్ని మడతపెట్టి బీరువాలో సర్దినట్టన్నమాట. ఆ దారిలో ప్రయాణం చేసి బయటికొచ్చేసరికి చిన్న గొంతు పెద్దదవుతుంది.

మా జాయింట్ డైరెక్టరు త్రివిక్రమరావు గారు నన్ను గదికి పిలిపించారు.

"భీమశంకరం గారూ, మన ప్రాంతీయ కార్యాలయ ఆనంద సూచికకు మీరే ఆశాకిరణమని భావిస్తున్నాను" అన్నారు. ఆయన మామూలుగా కూడా సర్క్యులర్ లాగే మాట్లాడతారు. "మార్చి ఆఖరుకు నిర్మాణం పూర్తిచేసి సమీక్షకు సిద్ధంగా ఉంచగలరు."

"తమరి అభిరుచి ఏమిటి సార్?" అన్నాను మర్యాదకి.

"ఇతరుల అభిరుచులను సమీక్షించుట" అన్నారాయన.

కోయంబత్తూరు నుంచి కిట్టు వచ్చింది. బల్లపరుపు అట్టపెట్టెల్లో కోసి, నంబర్లు వేసిన ప్లైవుడ్ ముక్కలు, కాగితపు గిన్నెలు రెండు, జిగురు డబ్బాలు, ఒక చిన్న పుస్తకం. డబ్బాకి ఇరవై రెండు ముక్కలు. ప్రతి ముక్కా జిగురు పెట్టి అతికించాక పన్నెండు బిగింపులతో రాత్రంతా బిగించి ఉంచాలని ఆ పుస్తకంలో ఉంది. మా ఇంట్లో ఉన్న బిగింపులు దండెం మీద బట్టలకి పెట్టే క్లిప్పులు. బిగింపులు లేకపోతే బరువులైనా పెట్టవచ్చని కింద సన్నగా రాశారు. బియ్యం బస్తా పెడదామంటే హైమ దాని మీద కూర్చుంది. రుబ్బురోలు నేను లేపలేకపోయాను.

మర్నాడు ఆఫీసులో, నా బల్ల పక్కన నడుంఎత్తు పేరుకున్న ఫైళ్ల కట్టలు చూసేసరికి బుర్రలో దీపం వెలిగింది. ఒక ఫైలు ఎంత పాతదైతే అంత బరువు ఉంటుంది. దరఖాస్తు ఒక కాగితమే. దాని మీద ప్రశ్న, ప్రశ్నకి జవాబు, జవాబు మీద ఇంకో ప్రశ్న, జ్ఞాపికలు, ఆ జ్ఞాపికల్ని జ్ఞాపకం చేసే ఉత్తరాలు కలిసి మూడేళ్లకి కిలోలెక్కుతుంది. చిన్న ముక్కలకి ఏడాది ఫైలు, పెద్ద పలకలకి ఐదేళ్ల ఫైలు లెక్కన ఎంచుకున్నాను. తొందరగా తేలిపోయిన ఫైళ్లు ఎందుకూ పనికిరాలేదు. అలాంటివి పెద్దగా లేవు కూడా.

సాయంత్రం కట్టలు ఆటోలోకి మోసింది నూకరత్నం. మా ఆఫీసులో అటెండరు. ఇల్లు తునిలో. తెల్లవారకుండా ప్యాసింజరు ఎక్కి, సామర్లకోటలో మారి వస్తుంది. ఇంటికి చేరేసరికి పిల్ల పడుకునే ఉంటుంది. తుని సబ్ ఆఫీసులో అటెండరు పోస్టు మూడేళ్లుగా ఖాళీ. అక్కడికి వెయ్యమని ఆమె పెట్టుకున్న దరఖాస్తు కూడా మూడేళ్లుగా నా దగ్గరే ఉంది.

"ఇందులో నాది కూడా ఉందాండి?" అని అడిగింది, కట్టని ఆటో సీటు మీద సర్దుతూ.

"ఉంది."

"ఇంటి కాడ చూత్తారాండి?"

"దాని మీద పని మొదలవుతోంది నూకరత్నం."

"ఆయ్, మీ దయండి" అని, పడిపోకుండా కట్టకి ఇంకో ముడి వేసింది.

అబద్ధం చెప్పానని మీరనుకోవచ్చు. ఆ రాత్రి నుంచే ఆ ఫైలు పదకొండో నంబరు చెక్క మీద కూర్చుని నిజాయితీగా పనిచేసింది.

నెల తిరక్కుండా నాకు ప్రశంసాపత్రం వచ్చింది. "కార్యాలయ ఫైళ్లను స్వగృహమునకు సైతము తీసుకొనిపోయి శ్రమించుచున్న శ్రీ భీమశంకరం గారి సేవానిరతి ఇతరులకు మార్గదర్శకము" అని. హైమ దాన్ని చదివి, జిగురు కారకుండా డబ్బా కింద పరిచింది.

ఎడమ డబ్బాలో పద్నాలుగో నంబరు చెక్క దగ్గర చిక్కొచ్చింది. అది దారి మలుపులో వాలుగా నిలబడాలి. కిందనుంచి ఏదో ఒకటి ఊతం ఉంటే గాని నిలవదు. సరిగ్గా ఆ సందులో పట్టే మందం ఉన్న ఫైలు ఒకటి దొరికింది. దాన్ని దోపి, మిగతావి పైన పేర్చి, పడుకున్నాను. పొద్దున్నే చూస్తే చెక్క శిలాశాసనంలా నిలబడి ఉంది. ఆ సంబరంలో పక్క పలక జిగురుపెట్టి మూసేశాను.

రెండు డబ్బాలూ లేచిన రోజు సంగతి ఎగతాళి చేయకుండా చెప్పాలి. హాల్లో రెండు మూలలా పెట్టి, వైర్లు కలిపి, పాత వీణ కచేరీ ఒకటి పెట్టాను. ఆ కచేరీ ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఆ రోజు తీగ మీద వేలు జారడం వినపడింది. రెండు పాటల మధ్య విద్వాంసుడు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. నా చేతులతో చేసిన వస్తువులోంచి ఒక మనిషి ఊపిరి వస్తోందని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. హైమ కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడింది.

"బాగుందండీ. కానీ ఎడమది కాస్త జలుబు చేసినట్టు లేదూ?" అంది.

"వంద గంటలసేపు మోగితే గాని గొంతు విప్పవు. పుస్తకంలో ఉంది" అన్నాను.

మర్నాడు ఊడవడానికి ఎడమ డబ్బా వంచి, "ఏవండీ, ఇందులో ఏదో జారుతోంది" అంది.

"అది బేస్" అన్నాను.

ఏప్రిల్‌లో సమీక్షా సంఘం మా ఇంటికి వేంచేసింది. సంఘమంటే జాయింట్ డైరెక్టరు గారు, ఆడిటరు పద్మనాభం గారు. పద్మనాభం గారు టేపు తీసి డబ్బాలు కొలిచి, వేళ్లతో తట్టి, "లోపల ఖాళీగా ఉంది" అని రాసుకున్నారు. శబ్దం వెళ్లడానికి దారి అని చెప్పాను. "ఖాళీ ఖాళీయే" అన్నారు. వందగంటలు మోగాలన్న మాట చెబితే జాయింట్ డైరెక్టరు గారికి వెంటనే అర్థమైంది. "అనగా ప్రొబేషన్‌లో ఉన్నవి" అన్నారు.

అసలు గొడవ పాట పెట్టాక మొదలైంది. పద్మనాభం గారు ఎడమ డబ్బా దగ్గరికి వెళ్లి విన్నారు. కుడి డబ్బా దగ్గరికి వెళ్లి విన్నారు.

"రెండింటిలో ఒకే పాట వస్తున్నది" అన్నారు.

"అవునండి. స్టీరియో."

"ఒకే పనిని రెండు యూనిట్లు ఏకకాలమున నిర్వహించుట డూప్లికేషన్ కింద వచ్చును. రెండవదాని ఆవశ్యకతను నిరూపించనిచో ఈ అభిరుచిని సగముగా మాత్రమే గుర్తించగలము."

సగం అభిరుచి ఉన్న ఉద్యోగి మీద సగం చర్య ఎలా ఉంటుందోనని నాకు చెమటలు పట్టాయి. జాయింట్ డైరెక్టరు గారే దారి చూపించారు. ఆయన ఎడమ డబ్బా ముందు, పద్మనాభం గారు కుడి డబ్బా ముందు కూర్చుని, మధ్యలో మా దుప్పటి అడ్డం కట్టించి, ఒకరిదొకరు చూడకుండా అభిప్రాయాలు రాయాలన్నారు. మేము పట్టుకుంటే గాని దుప్పటి నిలవలేదు. పాట అయ్యేదాకా నేనొక కొస, హైమ ఒక కొస పట్టుకుని నిలబడ్డాం.

కుడి డబ్బా గురించి పద్మనాభం గారు "స్పష్టముగా, తేలికగా ఉన్నది" అని రాశారు. ఎడమ డబ్బా గురించి త్రివిక్రమరావు గారు రాసింది చూసి నాకు ఒళ్లు పులకరించింది. "మితభాషి. లోలోపల ఏదో దాచుకొన్న గాంభీర్యము. తొందరపడి బయటపడని స్వభావము. సీనియారిటీ ధ్వనించుచున్నది."

రెండు నివేదికలూ వేరుగా ఉన్నాయి కాబట్టి డూప్లికేషన్ లేదని తేలింది. శాఖ ప్రోత్సాహంతో తయారైనవి శాఖ ఆస్తులేనని, వాటిని నేను ఇంటివద్ద సంరక్షించాలని తీర్మానించారు. పెయింటరు వచ్చి తెల్లరంగుతో ఒకదాని మీద "లౌ.స్పీ./ఎడమ", ఇంకోదాని మీద "లౌ.స్పీ./కుడి" అని రాశాడు. కొయ్యడం, మార్చడం, విప్పడం చేయాలంటే ఐదేళ్లు నిండాక, పాత సామాను పనికిరాదని తేల్చే కండెమ్ కమిటీ అనుమతి తీసుకోవాలి. నేను గర్వంగా సంతకం పెట్టాను.

మేలో బదిలీలు తెరిచారు. పదిహేను రోజులే గడువు. మొదటిరోజే నూకరత్నం నా బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, ఈసారైనా పెడతారాండి?"

"రేపు పెడతా."

రేపు వెతికాను. బల్ల కింద లేదు, బీరువాలో లేదు. ఇంటినుంచి కట్టలన్నీ తెప్పించి విప్పి చూశాను. జిగురు మరకలతో అందరివీ ఉన్నాయి, ఆమెది లేదు. రోజూ వచ్చి అడిగేది. నేను రోజూ "చూస్తున్నా" అనేవాణ్ణి. పదో రోజునుంచి ఆమె అడగడం మానేసి, బల్ల పక్కన ఒక నిమిషం నిలబడి వెళ్లిపోయేది. సోమవారం సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతుంటే గేటు చప్పుడైంది. నూకరత్నం.

"ఇంటికొచ్చినందుకు ఏవనుకోకండి సార్. ఫైలు ఇక్కడే ఉండిపోయిందేమో, నేను కూడా ఎతుకుతానండి" అంది.

హైమ ఆమెని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "ఆదివారం కూడా రావాల్సొచ్చిందా అమ్మా, ఇంటి దగ్గర పిల్ల ఉంది కదా?" అంది.

"ఉందండి. రెండో తరగతి. నేను వెళ్లేటప్పటికి లేవదండి, వచ్చేటప్పటికి పడుకుండిపోద్దండి. బళ్లో టీచరు మీ అమ్మ ఏం చేత్తాదని అడిగితే, మా అమ్మ ఆదివారం వత్తాది అని చెప్పిందంటండి." ఆమె గ్లాసులోకి చూస్తూ నవ్వింది. "ఇయ్యాల కూడా లేకుండా వచ్చేశాను మరి. ఏం చెప్పుకుంటాదో."

ఇవే మాటలు మూడేళ్లలో ఆమె నాకు చాలాసార్లు చెప్పి ఉంటుంది. నాకు మొదటిసారి వినపడ్డాయి. నేను సిగ్గుపడ్డాను. ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

అటక మీద వెతికాం, మంచం కింద వెతికాం. హైమ హాలు మధ్యలో నిలబడి, "ఆ ఎడమ డబ్బాలో జారే బేస్ ఏమిటో ఒకసారి చూడండి" అంది.

పద్నాలుగో నంబరు చెక్క నా కళ్ల ముందు నిలబడింది. డబ్బా పట్టుకుని వంచాను. లోపల, బరువుగా, మెత్తగా, మూడేళ్ల కాగితాలు జారాయి.

నేను కూర్చుండిపోయి వాళ్లిద్దరికీ పరిస్థితి వివరించాను. ఇది ప్రభుత్వ ఆస్తి. ఐదేళ్లదాకా కొయ్యకూడదు. అనుమతి అడగాలంటే ఫైలు లోపల ఎలా చేరిందో చెప్పాలి, చెబితే నాకు ఛార్జిమెమో. పైగా ఫైలు తీసేస్తే ఎడమదానికి గాంభీర్యం పోతుంది, కుడిదానితో సమానమవుతుంది, డూప్లికేషన్ మళ్లీ మొదటికొస్తుంది. ఇవన్నీ వేళ్లు మడిచి చెబుతుంటే హైమ లేచి వెళ్లి పక్కింట్లోంచి రంపం తెచ్చి నా ముందు పెట్టింది.

రంపం చేత్తో పట్టుకుని ఆ డబ్బా ముందు చాలాసేపు నిలబడ్డాను. నా జన్మలో నేను చేసిన పనికొచ్చే వస్తువు అదొక్కటే. రెండుసార్లు లాగేసరికి రంపం వంకర పోయింది.

"ఇటివ్వండి సార్. మా నాన్న వడ్రంగేనండి" అంది నూకరత్నం. "ఎక్కడ కొయ్యమంటారు?"

పెన్సిలుతో గీత గీశాను. ఆమె డబ్బాని పడుకోబెట్టి, మోకాలితో అదిమిపట్టి, గీత మీదనుంచి వెంట్రుకవాసి తప్పకుండా కోసింది. చెక్కపొడి దులిపి, చెయ్యి లోపల పెట్టి, తన ఫైలు తనే బయటికి తీసింది.

దాన్ని నా చేతికిచ్చింది. విప్పాను. జ్ఞాపికలన్నిటి అడుగున మూడేళ్ల కిందటి నోటు ఉంది. "ఖాళీ కలదు. అర్హురాలు. సూపరింటెండెంటు వారితో చర్చించవలెను." అక్షరాలు నావే. అప్పుడు ఇలాంటి నోట్లు రాసి నాకు పంపే గుమాస్తా సీటు ఖాళీగా ఉంటే దాని పని కూడా నేనే చూశాను. అంటే మూడేళ్లుగా నాతో నేను చర్చించుకోవలసి ఉంది, తీరిక దొరకలేదు.

"ఏం రాశారండి?" అంది నూకరత్నం.

దాచాలనిపించింది. దాచలేదు. చదివి వినిపించి, ఎవరి నోటో కూడా చెప్పాను.

ఆమె రంపం గోడకి ఆనించి, నేల మీద పొడి చేత్తో ఒక దగ్గరికి ఊడ్చింది. "ఇప్పుడు చర్చించేసుకోండి సార్, పన్నెండింటికి బండుందండి" అంది.

కోసిన డబ్బా మీదే పెట్టి సంతకం చేశాను.

సోమవారం జాయింట్ డైరెక్టరు గారు ఫైలు తిరగేస్తూ, "దీనిమీద ఈ చెక్కపొడి ఏమిటి?" అన్నారు.

"దీని మీద చాలా పని జరిగింది సార్" అన్నాను. ఆయన ఆనంద సూచిక నివేదిక పంపే తొందరలో ఉన్నారు. నాలుగూ నలభైకి ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

కోసిన సంగతి నేనే రాసిచ్చాను. పద్మనాభం గారు వచ్చి, అతుకు వేసిన ఎడమ డబ్బా విని, "ఇప్పుడు ఇది కూడా స్పష్టముగా, తేలికగా ఉన్నది" అని విచారంగా రాసుకున్నారు. కుడి డబ్బాని అదనపు యూనిట్‌గా లెక్కకట్టి ఆఫీసు రికార్డు గదికి తరలించారు. దాని మీద ఇప్పుడు ఫైళ్లు పేర్చారు. ఫైలు ఇంటికి తీసుకెళ్లి పోగొట్టబోయినందుకు నాకొక మెమో, అభిరుచి సగమైనందుకు ఇంకో మెమో వచ్చాయి. రెండూ న్యాయమైనవే. మా హాల్లో ఒక్క డబ్బా మిగిలింది. అతుకు దగ్గర సన్నగా గలగలమంటుంది. వీణ ఆయన ఊపిరి మాత్రం ఇంకా వినపడుతుంది.

జూన్‌లో ఒక సాయంత్రం ఫోను మోగింది. నూకరత్నం, తునినుంచి.

"ఏం లేదండి, ఊరికే చేశాను. ఐదున్నరకి ఇంటికొచ్చేశానండి. మా పిల్ల గుమ్మంలో నిలబడి, అమ్మా ఇయ్యాల మంగళవారం గదా, బడికి సెలవా అంటందండి."

వెనకనుంచి పిల్ల ఏదో అరుస్తూ పరిగెత్తడం వినపడింది. ఫోను చవకది, లైను గరగరమంటోంది. ఆ గరగర ఎందుకొస్తోందో నేను ఎవరికీ వివరించలేదు.

ఈ ఏడాది అభిరుచి ఫారం మొన్ననే వచ్చింది. గడిలో "వినుట" అని రాసి పంపాను. వారం తిరక్కుండా ప్రశ్నతో వెనక్కొచ్చింది. "సదరు అభిరుచికి వినియోగించు పరికరములు ఎన్ని? వాటి ప్రస్తుత స్థితి ఏమిటి? వివరించవలెను."

కింద రాశాను: "రెండు. ఎడమ ఒకటి, కుడి ఒకటి. రెండూ ఒకే పని చేయును. చాలాకాలము పనిచేయక పడియుండినవి. గత మే మాసమున ఒక అటెండరు గారు మరమ్మతు చేసినారు."